చిన్న విరామం తర్వాత...

గూడ్సు వచ్చిందంటే ఆ ఇంట్లో సీరియల్ మూగబోతుంది. శృంగవరపుకోట స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఉన్న పెంకుటిల్లు అది. బైలదిల్లా కొండల నుంచి ఇనుప ఖనిజం నింపుకుని, అరకు ఘాట్ దిగి విశాఖకు వెళ్లే బళ్లు రాత్రీపగలూ ఆ పట్టాల మీదే నడుస్తాయి. రైలు వెళ్లినంతసేపూ టీవీలో మనుషులు నోళ్లు కదుపుతూ ఉంటారు. ఏడుస్తారు, అరుచుకుంటారు, చేతులు పట్టుకుని బతిమాలుకుంటారు. ఒక్క ముక్క వినిపిస్తే ఒట్టు! చివరి పెట్టె దాటాక ఇంటి పెద్దావిడ అడిగే మాట ఒక్కటే... ‘ఏటన్నాడే?’

రైలు మింగేసిన ఆ మాటేదో ఊహించి చెప్పడం చిన్నకూతురి పని. ఒక్కోసారి సొంతంగా కల్పించి చెప్పేసేది కూడా. తల్లి నమ్మేసేది.

ఆ ఇంటికి రంగుల టీవీ కోడలితో పాటే వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2003లో, జెమినీలో ‘చక్రవాకం’ మొదలైంది. అంతకుముందు దూరదర్శన్‌లో ‘ఋతురాగాలు’ తీసిన మంజులా నాయుడే దీనికీ దర్శకురాలు. టైటిల్ పాట మొదలైతే చాలు, నూతి దగ్గర చేంతాడు ఎక్కడిదక్కడ ఆగిపోయేది. ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు, టీవీ ఉన్నా ఒంటరిగా ఏడవడం ఇష్టంలేక వచ్చేవాళ్లు... అందరూ ఆ వసారాలోకే చేరేవారు. పెద్దావిడ నులకమంచం మీద. ఆవిడ కాళ్ల దగ్గర చిన్నకూతురు. కోడలు గుమ్మానికి చేరబడి ఒక చెవి పొయ్యి మీది ఎసరుకి, ఒక చెవి స్రవంతి కష్టాలకి అప్పగించేది. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసిన ఇంటాయన మాత్రం ‘రోజూ ఏడుపేనా’ అని విసుక్కుంటూనే, అరుగు మీద నుంచి మెడ చాచి చూసేవాడు.

నిజానికి ఆ ఇంట్లో సీరియల్ కన్నా ప్రకటనలే ముఖ్యం. పగలంతా కూతురికి కాలేజీ, తల్లికి గేదెలు, పొలం. ఇద్దరికీ మాట్లాడుకునే తీరిక దొరికేది ఆ నాలుగైదు నిమిషాలే. సబ్బులు, కొబ్బరినూనెలు, చీరల దుకాణాలు తెర మీద తిరుగుతుంటే తల్లీకూతుళ్ల ఊసులు సాగేవి. బస్సులో ఎవరు కలిశారు, ఫీజు ఎప్పుడు కట్టాలి, పుణ్యగిరి జాతరకి ఏ చీర కట్టుకోవాలి... పాట రాగానే ఇద్దరూ టక్కున ఆపేసేవారు. మర్నాడు బ్రేకులో మళ్లీ అక్కడి నుంచే.

2006 వేసవిలో ఆ అమ్మాయి సింహాచలం కొండ మీద పెళ్లి చేసుకుంది. అబ్బాయి వేరే కులం. నాలుగు రోజుల తర్వాత దంపతులిద్దరూ ఇంటికొచ్చారు. తల్లి లోపలికి రమ్మనలేదు. మంచినీళ్లివ్వలేదు. కోడలు చెంబు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, అత్తగారి మొహం చూసి ఆగిపోయింది. ఆ సాయంత్రం కూడా టీవీ మోగింది. పెద్దావిడ మామూలుగానే కొంగుతో కళ్లొత్తుకుంది, స్రవంతి కోసం! ఆ సీరియల్లో ఇక్బాల్ అంటే ఆవిడకు ప్రాణం. ‘మా మంచి గుంటడు’ అనేది. సొంత అల్లుడి పేరు మాత్రం ఆవిడ నోటి వెంట పద్నాలుగేళ్లు రాలేదు.

‘చక్రవాకం’ 2008లో అయిపోయింది. అదే దర్శకురాలి ‘మొగలిరేకులు’ ఆ ఏడాదే మొదలై 2013 దాకా నడిచింది. ఆర్కే నాయుడు వేషం కట్టిన సాగర్‌ని జనం ఆ పేరుతోనే పిలవడం మొదలుపెట్టారు. ఆ మధ్యలోనే ఇంటాయన పోయాడు. కూతురు వచ్చి పది రోజులూ ఉండి వెళ్లింది. తల్లి ఆ పది రోజులూ ఆమెతో కాక గోడతో మాట్లాడింది. ‘ఆ పళ్లెం అక్కడెట్టమను’, ‘పిల్లకి పాలట్టమను’... ఇలా.

తమాషా ఏమిటంటే, ఇంత కన్నీళ్లు కార్చిన ఆ వసారా ఏ లెక్కల్లోనూ లేదు. రేటింగుల మీటర్లు అప్పట్లో ప్రధానంగా పట్టణాల ఇళ్లలోనే ఉండేవి. పల్లెటూళ్లు లెక్కలోకి రావడం 2015లో బార్క్ వచ్చాకే మొదలైంది. అప్పటికి ఈ రెండు సీరియళ్లూ ఒక్కోటి వెయ్యి ఎపిసోడ్లు దాటి, శుభం కార్డు కూడా పడిపోయింది. మీటర్లు చూడని ఎస్.కోటలాంటి ఊళ్లు వాటిని ఎంతగా చూశాయో ఎవరికీ తెలీదు.

అది కొంత తెలిసింది 2020లో. మార్చి 25, ఉగాది రోజున దేశమంతా తాళం పడింది. షూటింగులు అంతకు కొద్దిరోజుల ముందే ఆగిపోయాయి. ఛానెళ్ల దగ్గర కొత్త ఎపిసోడ్లు అయిపోయాయి. ఇక మిగిలింది అటక మీది సరుకే. దూరదర్శన్ వాళ్లు మార్చి 28 నుంచి రామానంద్ సాగర్ ‘రామాయణ్’ మళ్లీ వేశారు. 1987 జనవరిలో మొదలైన సీరియల్ అది. అప్పట్లో ఆదివారం పొద్దున్న రోడ్లు ఖాళీ అయ్యేవనీ, టీవీకి దండలేసి హారతిచ్చేవారనీ పెద్దలు చెబుతారు. ముప్ఫై మూడేళ్ల తర్వాత మళ్లీ వేస్తే ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. ప్రపంచ రికార్డు అంది. ఆ లెక్క మీద వాదాలు లేచాయనుకోండి, అది వేరే సంగతి. కోట్ల మంది చూశారన్నది మాత్రం నిజం. శృంగవరపుకోటలో హిందీ ముక్క రాని ముసలమ్మలు కూడా చూశారు. కథ తెలుసు, భాషతో పనేముంది!

అప్పుడే ‘సర్కస్’ వచ్చింది. ‘బ్యోమ్‌కేశ్ బక్షీ’ వచ్చింది. రెండూ మంచివే, ఒకప్పుడు పేరున్నవే. ఇంట్లో జనం అంతే, తీరికా అంతే, టీవీ అదే. అయినా వాటికి ఎవరూ రికార్డులు కట్టలేదు. అంటే పాతదైతే చాలదన్నమాట. జనం ఖాళీగా ఉన్నా చాలదు. పోనీ, పురాణమైతే చాలా? అదీ కాదు. 2008లో ఏక్తాకపూర్ మహాభారతాన్ని కొత్త హంగులతో, కండలు తిరిగిన కుర్రాళ్లతో తీస్తే కొన్ని నెలలకే మూటకట్టేశారు. చోప్రాల భీష్ముడినీ, కృష్ణుడినీ చూసిన కళ్లకి అవి ఆనలేదు.

ఈ పెంకుటింటి కొడుక్కి ‘అమృతం’ పిచ్చి. ఎలక్ట్రికల్ పనులు చేసుకునే మనిషి. ఆదివారం రాత్రి జెమినీలో అమృతం వస్తుందంటే ఎంత పెద్దమనిషి ఇంట్లో ఫ్యూజు పోయినా కదిలేవాడు కాదు. గుణ్ణం గంగరాజు తీసిన ఆ సీరియల్ 2001 నుంచి 2007 దాకా నడిచింది. అందులో అమృతరావు ముగ్గురు మారారు. మొదట శివాజీరాజా, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్. హీరోనే మారిపోతే ఏ సీరియలైనా కుదేలవ్వాలి కదా! కాలేదు. ఎందుకంటే పక్కన అంజి అలాగే ఉన్నాడు, గుండు హనుమంతరావు. ఇంటి ఓనరు అప్పాజీ అలాగే ఉన్నాడు. హోటల్లో సర్వరు సర్వం అలాగే ఉన్నాడు. ఇల్లు ఇల్లులాగే ఉంటే యజమాని మారినా అద్దెకున్నవాళ్లకి తేడా తెలియదు!

అదే అమృతాన్ని 2014లో చందమామ మీదికి తీసుకెళ్లి సినిమాగా తీస్తే ఆడలేదు. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో కన్నుమూశారు. రెండేళ్లకి, సరిగ్గా ఆ లాక్‌డౌన్ ఉగాది రోజునే, ‘అమృతం ద్వితీయం’ జీ5లో మొదలైంది. హర్షవర్ధన్ ఉన్నారు. అంజిగా ఎల్.బి. శ్రీరామ్ వచ్చారు. నవ్వించడంలో ఆయనకు వంకపెట్టేదేముంది? కానీ కొడుకు ఫోన్లో రెండు భాగాలు చూసి పక్కనపెట్టేశాడు. ‘బాగానే ఉంది’ అన్నాడు. బాగానే ఉంది అన్నాడంటే ఇక చూడడని అర్థం. ఆ వారం నుంచే యూట్యూబ్‌లో పాత అమృతం మొదటి నుంచి మొదలెట్టాడు. లాక్‌డౌన్ అయ్యేసరికి ఎన్ని చూశాడో అతనికే తెలీదు.

ఫోన్లో చూడటమూ ఒక కారణమేనని అతని భార్య అంటుంది. ఆమెది కుట్టుమిషను. పండగలొస్తే రాత్రి పదకొండు దాకా జాకెట్లే. తల ఎత్తితే కుట్టు వంకర పోతుంది. అందుకని ఆమె సీరియల్ చూడదు, వింటుంది. ఆమె లెక్కలో మంచి సీరియల్ అంటే కళ్లు మూసుకున్నా అర్థమయ్యేది. పాతవాటిలో ఎవరు ఏమనుకున్నా పైకే అనుకునేవారు. వచ్చిన మనిషి పేరు పెట్టి పిలిచేవారు. ఉరుము ఉరిమితే ఏదో జరగబోతోందని తెలిసేది. ఇప్పుడొచ్చే ఓటీటీ కథల్లో మనుషులు పది నిమిషాలు మాట్లాడకుండా కిటికీలోంచి చూస్తుంటారు. ‘ఆళ్లు కిటికీలోంచి సూస్తే నా జాకెట్టెవరు కుడతారు?’ అంటుందామె. సీరియళ్ల మీద పరిశోధన చేసేవాళ్లు ఈ మాట రాసుకోవచ్చు.

హిందీ నుంచి తెలుగులోకొచ్చిన ‘చిన్నారి పెళ్లికూతురు’ ఆ ఇంట్లో అత్తాకోడళ్లిద్దరూ కలిసి మెచ్చిన ఒకే ఒక్క సీరియల్. అసలు పేరు ‘బాలికా వధు’. 2008 నుంచి 2016 దాకా నడిచింది. చిన్ననాటి ఆనందిగా చేసిన అవికా గోర్ తర్వాత ‘ఉయ్యాల జంపాల’తో తెలుగు సినిమాకే వచ్చేసింది. అత్తగారికి ఆనంది కన్నా ఇంట్లో కర్ర పెత్తనం చేసే నానమ్మ కల్యాణీదేవి అంటేనే ఇష్టం. ఎందుకో చెప్పక్కర్లేదు. పంతం పట్టిన ఆ ముసలావిడ నెమ్మదిగా కరగడాన్ని ఏళ్ల తరబడి చూపించారు. ఆ వేషం వేసిన సురేఖా సిక్రీ 2021 జూలై 16న పోయారు. మూడు వారాలు దాటాక, ఆగస్టు 9న, కొత్త మొహాలతో రెండో ‘బాలికా వధు’ మొదలైంది. ఊరు మారింది, మనుషులు మారారు, పేరొక్కటే మిగిలింది. ఏడాది తిరక్కుండానే టీవీలోంచి తీసేసి వూట్‌లోకి తోసేశారు.

అమెరికాలోనూ ఇదే కథ. ‘డల్లాస్’ అని 1978 నుంచి 1991 దాకా నడిచిన పెద్ద సీరియల్ ఒకటి ఉంది. జె.ఆర్. అనే దుర్మార్గపు అన్నయ్య దానికి ప్రాణం. 2012లో అదే నటుడు లారీ హాగ్‌మన్‌ని పెట్టి మళ్లీ మొదలుపెడితే తొలిరోజు దాదాపు 69 లక్షల మంది చూశారు. ఆ నవంబరులోనే హాగ్‌మన్ చనిపోయాడు. చూసేవాళ్లు తగ్గుతూ తగ్గుతూ 2014లో ఆపేశారు. విలన్ పోతే జనం వెళ్లిపోయారు! మన దగ్గర 2025 జూలై 29న ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ తిరిగొచ్చి, తొలి వారాల్లోనే హిందీ రేటింగుల పైవరుసలో కూర్చుంది. అందులో తులసిగా పాత స్మృతీ ఇరానీయే. మధ్యలో ఆమె కేంద్రమంత్రి అయి, దిగి వచ్చారు. అయినా జనానికి ఆమె తులసే.

కానీ పాత మొహం ఉంటే చాలన్నా మళ్లీ పొరపాటే. తెలుగువాళ్ల వంటలక్క సంగతి చూడండి. స్టార్ మాలో 2017 అక్టోబరు 16న మొదలైన ‘కార్తీకదీపం’ ఏళ్ల తరబడి మిగతా సీరియళ్లకి అందనంత ఎత్తున నిలిచింది. దీపగా ప్రేమీ విశ్వనాథ్, డాక్టర్‌బాబుగా నిరుపమ్. 2022లో ఇద్దర్నీ కారు ప్రమాదంలో తీసేసి పిల్లల్ని పెద్దవాళ్లని చేసి కథ నడిపారు. శృంగవరపుకోట కాంప్లెక్సులో బస్సుకోసం నిలబడ్డ ఆడవాళ్లు కూడా తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. కొన్ని నెలలకి దీప, కార్తీక్ బతికొచ్చారు. అయినా పోయిన కళ పూర్తిగా రాలేదు. 2023 జనవరిలో ముగించేశారు. చచ్చి బతికిన మనుషుల్ని చూస్తే ఇంట్లోవాళ్లకే భయం, ప్రేక్షకులకి ఉండదా?

2024 మార్చి 25న ‘కార్తీకదీపం - ఇది నవ వసంతం’ వచ్చింది. ఈసారి తెలివైన పని చేశారు. పాత కథని అతికించలేదు. అదే దీప, అదే కార్తీక్, అదే పాప పేరు శౌర్య. దీప చేతిలో అదే గరిటె. కథ మాత్రం మొదటి నుంచి కొత్తది. అల్లరైన పాత గుడ్డని ఒదిలేసి, అదే రంగు కొత్త గుడ్డ కొన్నట్టు, అని కుట్టుమిషను కోడలి మాట. వచ్చీరాగానే పైవరుసకి చేరిపోయింది.

అత్తగారు మాత్రం దాన్ని రెండు వారాలు చూసి లేచిపోయింది. ఆవిడకి కావలసింది వేరే. ఇప్పుడావిడకి డెబ్భై ఎనిమిదేళ్లు. మనవరాలు ఫోన్లో ‘చక్రవాకం’ పెట్టి ఇస్తుంది. ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఆ పిల్ల తొందరగా టైటిల్ పాట దాటించేయబోతే మామ్మ చెయ్యి పట్టుకుంటుంది. ‘పాట రాకుండా అందరూ ఎలాగొత్తారే?’ అంటుంది. ఇప్పుడు వచ్చేవాళ్లెవరూ లేరు. ఆ వసారాలో కూర్చున్న వాళ్లలో సగంమంది పోయారు, మిగతావాళ్లకి మోకాళ్లు. అయినా పాట పూర్తయ్యేదాకా ఆగాల్సిందే. ప్రకటనలు వస్తే ‘స్కిప్’ నొక్కనివ్వదు. దీని వెనకాల ఒక కథ ఉంది.

లాక్‌డౌన్ రోజుల్లో ‘చక్రవాకం’ మళ్లీ వేసినప్పటి సంగతి. ఓ పూట టైటిల్ పాట మొదలైంది. కోడలి ఫోను మోగింది. గాజువాక నుంచి ఆడపడుచు. అత్తగారికి తెలియకుండా వదినా మరదళ్లు ఏళ్లుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. మామూలుగా అయితే ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయేది. ఆ రోజు చేతిలో సగం కుట్టిన జాకెట్టు ఉంది. పైగా వీధిలోకి వెళ్లే వీలు లేదు, పెరట్లో ఎండ. ‘వదినా, చక్రవాకమొస్తంది, అమ్మ సూస్తందా?’ అని అవతలి గొంతు. ఏమనుకుందో ఏమో, కోడలు స్పీకరు నొక్కి ఫోను తీసుకెళ్లి నులకమంచం మీద పెట్టేసింది. తిరిగి వచ్చి మిషను తొక్కడం మొదలెట్టింది.

ఫోన్లోంచి అదే సీరియల్ అర క్షణం ఆలస్యంగా వినిపిస్తోంది. పెద్దావిడ ఫోను వంక చూడలేదు. తియ్యనూ లేదు. మొదటి బ్రేకు వచ్చింది. రెండు ఇళ్లలోనూ ఒకే సబ్బు ప్రకటన. ఎవరూ మాట్లాడలేదు. రెండో బ్రేకులో పెద్దావిడ టీవీ వైపే చూస్తూ అంది...

‘ఇక్కడి నుంచి ఏటవుతాదో గ్యాపకముందేటి?’

‘ఉందమ్మా.’

‘నాకూ ఉంది.’

అంతే. ఆ రోజుకి అంతే. మర్నాడు పాట వచ్చే వేళకి పెద్దావిడే కోడల్ని కేకేసింది, ‘ఆ ఫోనిక్కడెట్టీ’ అని. రోజూ ఫోను మంచమ్మీద ఉండేది. మాటలు మాత్రం బ్రేకుల్లోనే. మొదటి వారమంతా స్రవంతి గురించే. రెండో వారంలో గాజువాకలో కూరగాయల ధరలు. తర్వాత ఓ రోజు ‘గుంటలేటి తింతన్నారు?’ ఇంకో రోజు ‘నీ అత్తకి ఆయాసమన్నావు, ఎలగుంది?’ పాట రాగానే ఇద్దరూ టక్కున ఆపేసేవారు. మర్నాడు మళ్లీ అక్కడి నుంచే. సీరియల్లో ఏం జరగబోతోందో ఇద్దరికీ తెలుసు కాబట్టి దాని మీద బెంగ లేదు. బెంగంతా బ్రేకులో ఏం మాట్లాడాలన్నదే.

అల్లుడి ఊసు రావడానికి ఇరవై రోజులు పట్టింది. ఆ రోజు ఎపిసోడ్ నడుస్తుండగా ఖనిజం బండి వచ్చింది. అరకు ప్యాసింజరు ఆగిపోయింది గానీ గూడ్సులు ఆ రోజుల్లోనూ ఆగలేదు. ఇల్లంతా అదిరింది. తెర మీద ఇక్బాల్ ఏదో చెబుతున్నాడు. పెద్దావిడ ఫోను దగ్గరికి వంగి గట్టిగా అరిచింది. ‘ఉండే, రైలెళ్తంది!’

అవతల కూతురు ఉంది. పెట్టెలు ఒకటొకటే దాటుతున్నాయి. చివరిది దాటాక పెద్దావిడ అడిగింది.

‘ఏటన్నాడే?’

గాజువాక ఇంట్లో రైలు చప్పుడు లేదు. ఈసారి కూతురు కల్పించి చెప్పాల్సిన పని లేకపోయింది. విన్నది విన్నట్టు చెప్పింది. తల్లి ఊఁ కొట్టింది. బ్రేకు రావడానికి ఇంకా సమయముంది. అయినా పెద్దావిడే మళ్లీ మాట కలిపింది.

‘మీ ఆయనకి డూటీ ఉన్నాదా, లేదా?’